కోట పట్టణాల పాత పటాలు చదవడం: గోడ లోపల ఎవరు, బయట ఎవరు

పాత కోట పట్టణం పటం చేతికి రాగానే అందరి కళ్లూ తెలిసిన వీధి కోసమో, తాతగారి ఇంటి కోసమో వెతుకుతాయి. ఆ ఆత్రాన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందు గోడ వెంట వేలు పెట్టి ఊరంతా చుట్టి రండి. మొదలుపెట్టిన చోటికి మళ్లీ చేరేదాకా వేలు ఎత్తవద్దు. గోడ ఎన్నిచోట్ల తెగిందో, ఎక్కడ మందంగా ఉందో, ఏ వైపున వంకర తిరిగిందో అలా చేస్తేనే మనసుకు ఎక్కుతుంది. అక్షరాలు చదవడం ఆ తర్వాతి పని.

నేను సర్వే శాఖలో ట్రేసరుగా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా పదవీ విరమణ చేశాను. గోదావరి జిల్లాల గ్రామ పటాలను ట్రేసింగ్ క్లాత్ మీదికి ఎత్తి, ఇండియన్ ఇంకుతో గీయడమే నా ఉద్యోగం. ఒక్క గీత సరిగ్గా రావడానికి ఎంత శ్రమ పడాలో తెలుసు కాబట్టి ఒక మాట ధైర్యంగా చెప్పగలను: పటంలో ఏ గీతా ఊరికే పడదు. ఎవరో అది కావాలనుకున్నారు, ఎవరో దానికి డబ్బు ఇచ్చారు. పటంలో లేనిదాని సంగతీ అంతే. గీసేవాడి కళ్ల ముందు ఉన్నా అక్కర్లేదనుకుని వదిలేసినవి చాలా ఉంటాయి. ఒక ఊరు దేన్ని గౌరవించింది, దేనికి భయపడింది, ఎవరిని తనవాళ్లుగా లెక్కించలేదు అనే ప్రశ్నలకు ఆ గీతల్లో, ఆ ఖాళీల్లో జవాబు దొరుకుతుంది. రాజమహేంద్రవరంలో మా ఇంటికి వచ్చే కాలేజీ పిల్లలకు నేను చెప్పే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కావలసినవి

పటం నకలు ఒకటి, వీలైనంత పెద్ద కాగితం మీద. ట్రేసింగ్ పేపరు, అంగుళాల స్కేలు, భూతద్దం, నాలుగు రంగు పెన్సిళ్లు. అసలు పటం మీద పెన్సిలు మొన కూడా ఆనించకూడదు. ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాలు చాలావరకు పాత పటాల బొమ్మలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచాయి. వాటిలో అన్నిటికంటే పెద్ద సైజు బొమ్మనే దించుకోండి. చిన్న బొమ్మలో గుమ్మాల పేర్లు అలుక్కుపోతాయి. మన ఊళ్ల గ్రామ పటాలు సర్వే కార్యాలయంలో దరఖాస్తు పెడితే దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలోనూ చూడవచ్చు.

గీసింది ఎవరి కన్ను?

ఒకే ఊరిని ఫిరంగి పేల్చేవాడు ఒకలా గీస్తాడు, పన్ను వసూలు చేసేవాడు ఒకలా గీస్తాడు, భక్తుడు మరోలా గీస్తాడు. ఫిరంగివాడి పటంలో బురుజులు, కందకం లోతు, చుట్టూ ఉన్న ఎత్తైన దిబ్బలు స్పష్టంగా ఉంటాయి, ఇళ్లు మాత్రం ఒక మసక రంగు పూతగా మిగిలిపోతాయి. పన్నువాడి పటంలో బురుజు కంటే గట్టుకు విలువ ఎక్కువ. భక్తుడి పటానికి పూరీ చిత్రకారులు గుడ్డమీద వేసే శంఖనాభి పటం మంచి ఉదాహరణ. అందులో క్షేత్రమంతా శంఖం ఆకారంలో ఉంటుంది. నడుమ జగన్నాథుడి గుడి ఎంత పెద్దదంటే, మిగతా ఊరు దాని అంచుల్లో ఒదిగి ఉంటుంది. కొలతల ప్రకారం అది తప్పే. యాత్రికుడి మనసులో ఊరు ఎలా ఉందో చెప్పడంలో దాన్ని మించిన పటం లేదు.

యూరప్ పటాలు చూసేటప్పుడు కూడా ఈ ప్రశ్న మరవకండి. జర్మనీలోని కొలోన్ నగరంలో బ్రౌన్, హోగెన్‌బర్గ్ అనే ఇద్దరు 1572 నుంచి 1617 దాకా ఆరు సంపుటాల్లో నగర చిత్రాలు అచ్చువేశారు. వాటి ముందుభాగంలో ఆ ఊరి దుస్తుల్లో స్త్రీపురుషుల బొమ్మలు నిలబడి ఉంటాయి. మనుషుల బొమ్మలు ఉంటే తురుష్క సైన్యాలు తమ మతనియమం వల్ల ఆ పుస్తకం ముట్టుకోవని బ్రౌన్ ముందుమాటలోనే రాశాడు. ఆ బొమ్మలు నిజంగా ఏ సైన్యాన్నైనా ఆపాయా అన్నది వేరే సంగతి. గోడలున్న ఊరు తన బొమ్మను అమ్ముకుంటూనే శత్రువుకు చిక్కుతానేమోనని బెదిరింది. ఆ భయం ఒక్క వాక్యంలో దొరికింది కదా.

మన దగ్గరకు వస్తే ఏలూరు పేరు చెప్పకుండా ముందుకు సాగలేను. 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీకి కుడిభుజంగా పనిచేసిన కావలి సోదరులు ఏలూరువారు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊరూరా కరణాల దగ్గర కూర్చుని వారూ వారి సహాయకులూ రాయించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర వివరాలు, లేకపోతే మన పాత కోటల గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. మీ ఊరి కైఫీయతు అచ్చులో దొరికితే దాన్ని పటం పక్కనే తెరిచి పెట్టుకోండి. గోడ ఎక్కడుందో పటం చూపిస్తుంది. ఆ గోడ ఎవరు కట్టించారో, లోపల ఎవరికి ఏ మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఉండేదో కైఫీయతు చెబుతుంది.

నడుమ ఏముంది?

ట్రేసింగ్ పేపరు పరిచి గోడ గీతను ఎత్తండి. ఎదురెదురు మూలలను కలుపుతూ గీతలు గీస్తే నడిమి చోటు తెలుస్తుంది. గోడ గుండ్రంగా ఉంటే రెండు వ్యాసాలు గీయండి. ఇప్పుడు అసలు పటం మీద ఆ చోట ఏముందో చూడండి.

ఓరుగల్లుతో మొదలుపెట్టమని అందరికీ చెబుతాను, ఎందుకంటే మన తెలుగు కోటల్లో ఇంత స్పష్టంగా గీసిన బొమ్మ ఇంకొకటి లేదు. బయట మట్టిగోడ, లోపల రాతిగోడ, రెండూ దాదాపు గుండ్రన. నాలుగు దిక్కుల నుంచి వచ్చే దారులు నడుమ కలిసే చోట రాజభవనం ఉంటుందనుకుంటాం. ఉన్నది స్వయంభూ శివాలయం ఆవరణ. 1323లో కోట ఢిల్లీ సైన్యం వశమయ్యాక గుడి పోయింది, నాలుగు కీర్తితోరణాలు నిలిచాయి. పటంలో ఆ నాలుగు చుక్కలు చాలు. కాకతీయులు తమ అధికారానికి మూలం ఎక్కడుందని చెప్పుకున్నారో తెలిసిపోతుంది. మధురలోనూ మీనాక్షి గుడి చుట్టూ ఆడి, చిత్తిరై, ఆవణిమూల, మాసి వీధులు ఒకదాని చుట్టూ ఒకటి చతురస్రాలుగా తిరుగుతాయి. నెలల పేర్లు పెట్టుకున్న ఆ వీధులు దేవుడి ఊరేగింపు దారులు. ఊరిని కొలిచిన కొలబద్ద రథయాత్రే.

ఇప్పుడు చైనాలోని సుజౌ నగరం పటం తెరవండి. 1229లో రాతిపలక మీద చెక్కిన పటం అది, అప్పట్లో ఆ నగరం పేరు పింగ్‌జియాంగ్. ఊరి గోడ లోపల దాదాపు నడుమ మరో గోడ, అందులో ప్రభుత్వ కార్యాలయాలు. గుళ్లు చాలానే ఉన్నాయి, అవి ఊరంతా చెదిరి ఉన్నాయి. నడిమి పీట మాత్రం అధికారులది. ఓరుగల్లు, పింగ్‌జియాంగ్ పటాలను పక్కపక్కన పెట్టి చూడండి. దాదాపు ఒకే కాలపు రెండు సమాజాలు పెద్దపీట ఎవరికి వేశాయో చెప్పడానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

నడుమ ఉన్నదాన్ని చూపడానికి గీసినవాడు ఎంత దూరం వెళ్తాడో జోర్డాన్‌లోని మాదబా చర్చి నేలమీద ఉన్న ఆరో శతాబ్దపు మొజాయిక్ పటం చూస్తే తెలుస్తుంది. అందులో జెరూసలేం కోడిగుడ్డు ఆకారంలో, గోడలతో, గుమ్మాలతో ఉంటుంది. తూర్పు పైకి ఉంటుంది. పొడవాటి స్తంభాల వీధికి సరిగ్గా నడిమిలో క్రీస్తు సమాధి చర్చిని తలకిందులుగా అతికించారు. వీధి నుంచి నడిచి వెళ్లేవాడికి మెట్లు, వాకిలి కనబడాలని అలా చేశారు. యూదుల ఆలయం ఉండిన గుట్టకు మాత్రం చోటు దక్కలేదనే చెప్పాలి. ఏ దిక్కు పైన ఉందో ఎప్పుడూ గమనించండి. ఉత్తరం పైకి ఉండాలన్నది ఈమధ్య కాలపు అలవాటు.

గళ్లు లెక్కపెట్టడం

ఈ పని ఓపికతో చేస్తే మీ చేతికి ఒక రుజువు దొరుకుతుంది. కంటికి పెద్దగా కనిపించడం వేరు, కొలిచి పెద్దదని తేల్చడం వేరు. అందుకే దీన్ని కాస్త విడమరిచి చెబుతాను.

మన పాత గ్రామ పటాలు చాలావరకు మైలుకు పదహారు అంగుళాల లెక్కన గీసినవి. సర్వేవాళ్లు పొడవు కొలిచే గొలుసు 66 అడుగులు, మైలుకు ఎనభై గొలుసులు కాబట్టి పటం మీద అంగుళం అంటే నేల మీద ఐదు గొలుసులు, అంటే 330 అడుగులు. చదరపు అంగుళానికి ఇరవై ఐదు చదరపు గొలుసులు. పది చదరపు గొలుసులు ఎకరం కాబట్టి చదరపు అంగుళం అంటే రెండున్నర ఎకరాలు. ఇప్పుడు ట్రేసింగ్ పేపరు మీద అంగుళాన్ని పది భాగాలు చేసి గళ్లు గీసుకోండి. ఒక్కో చిన్న గడి నేల మీద సరిగ్గా రెండున్నర సెంట్లు. స్థలాన్ని సెంట్లలో చెప్పుకునే మనకు ఇంతకంటే సులువైన కొలత లేదు.

ఆ గళ్ల కాగితాన్ని పటం మీద పరచి, దేవుడికి ఎరుపు, అధికారానికి నలుపు, నీటికి నీలం, ఇళ్లకు పసుపు వేయండి. సగానికి మించి నిండిన గడిని ఒకటిగా లెక్కించి, సగం కూడా నిండనిదాన్ని వదిలేయండి. నకలు తీయడంలో కొలత మారిందేమోనని అనుమానం ఉంటే పటం అంచున ఉన్న స్కేలు పట్టీని కొలిచి, దాని ప్రకారమే గళ్లు గీసుకోండి. స్కేలు పట్టీ లేని పటమైతే ఎకరాల జోలికి పోకుండా, గోడ లోపలి మొత్తం గళ్లలో ఏ రంగు వందకు ఎన్ని పాళ్లో లెక్కగట్టండి.

ద్రాక్షారామం గ్రామ పటం ఈ అభ్యాసానికి చక్కగా పనికొస్తుంది. భీమేశ్వరుడి గుడికి రెండు ప్రాకారాలు, బయటి గోడకు నాలుగు దిక్కులా వాకిళ్లు. చిన్న కోట ఊరిని తలపించే నిర్మాణం అది. ప్రాకారం లోపలి గళ్లు ఎన్నో, ఊరి ఇళ్లన్నిటికీ దక్కిన గళ్లు ఎన్నో మీరే లెక్కపెట్టండి. అదే ద్రాక్షారామంలో ఒకప్పుడు డచ్చివారి వర్తక స్థావరం కూడా ఉండేది. గోదావరి బట్ట కోసం వచ్చిన ఆ వర్తకుడికి ఈ ఊరిలో ముఖ్యమైనవి మగ్గాలున్న వీధులు, సరుకు మోసే కాలువ దారి. అతని కన్నుతో రంగులు మార్చి రెండోసారి వేయండి. అదే నేల మీద రెండు వేర్వేరు ఊళ్లు కనిపిస్తాయి.

ఇంకో మెట్టు ముందుకు వెళ్లాలనుకుంటే ఇనాం భూముల, అంటే మాన్యాల హక్కులు తేల్చడానికి 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లను పటంతో కలిపి చదవండి. దేవుడి మాన్యం, అర్చకుడి మాన్యం, చాకలి మాన్యం, మంగలి మాన్యం, మేళగాళ్ల మాన్యం ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో అందులో ఉంటుంది. విస్తీర్ణం ఒక్కటే చూసి తృప్తి పడకండి. ఏ మాన్యం కాలువ తల దగ్గర ఉంది, ఏది శివారులో మురుగు పక్కన ఉంది అన్నది చూడండి. ఎకరానికి ఎకరం సమానమని రిజిస్టరు అనవచ్చు, నీరు ముందు ఎవరికి అందిందో పటం చెబుతుంది.

గుమ్మాలు

గోడ అంటే శత్రువు కోసమని అనుకుంటాం. రోజూ గోడతో పనిపడేది మాత్రం సొంత ఊరివాళ్లకే. పొద్దుట తలుపు తీసేదాకా ఆగేవాళ్లు, సుంకం కట్టేవాళ్లు, రాత్రి లోపలికి రానివ్వనివాళ్లు. కాబట్టి ప్రతి గుమ్మానికి మూడు ప్రశ్నలు వేయండి. పేరేమిటి? ఏ దారి దానికి చేరుతుంది? దాని వెంటనే లోపల ఏముంది?

ఇరాక్‌లోని నిప్పూరు నగరపు మట్టిపలక పటం 1899లో తవ్వకాల్లో దొరికింది. మూడువేల ఏళ్లకు పైబడిన పటం. ఎన్లిల్ దేవుడి గుడి, ఊరి నడుమ నుంచి పోయే కాలువ, ఒక పక్క యూఫ్రటీస్ నది, గోడ, గోడకు గుమ్మాలు, ప్రతి గుమ్మానికీ పేరు. వాటిలో ఒకదాని పేరును అశుచిగా ఎంచినవారి ద్వారం అని పండితులు చదువుతారు. ఆ గుమ్మం పేరు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మన పల్లెల్లో ఏ దారిన ఎవరు నడవాలో, ఏ రేవులో ఎవరు దిగాలో అన్న కట్టుబాట్లు విన్న మనకు అది ఎంత దగ్గరి సంగతో వేరే చెప్పాలా? అన్నివేల ఏళ్ల నాటి ఊరు కూడా మనుషులను విడదీసి, ఆ విడదీతను గోడలో కట్టింది.

పింగ్‌జియాంగ్ గుమ్మాలు వేరే రకం. అక్కడ నేల మీద నడిచేవారి గుమ్మం పక్కనే పడవలు దూరే నీటి గుమ్మం ఉంటుంది. ఊరిలో కాలువలు వీధులతో సమానంగా గీసి ఉన్నాయి, మూడు వందలకు పైగా వంతెనలు ఉన్నాయి. పడవకు కూడా బండితో సమానమైన గౌరవం ఇచ్చిన ఊరు అది. కాలువల మధ్య పుట్టి పెరిగిన కోనసీమవాళ్లకు ఆ పటం చూస్తే మనవాళ్లే గీశారేమో అనిపిస్తుంది.

రాజమహేంద్రవరంలో కోట పోయినా కోటగుమ్మం పేరు నిలిచింది. ఇలా పేరు ఒక్కటే మిగిలిన ఊళ్లలో పాత పటాన్ని కొత్త పటం మీద అమర్చాలంటే కదలని ఆనవాళ్లు మూడు కావాలి. గుళ్లు, మసీదులు, రేవులు ఇందుకు బాగా పనికొస్తాయి, ఎందుకంటే వీధి వెడల్పు కోసం జనం ఇళ్లు వదులుకుంటారు గానీ దేవుడి చోటు అంత తేలిగ్గా కదలనివ్వరు. మూడు చుక్కలూ కలిసేలా ట్రేసింగ్ పేపరు తిప్పి అమర్చితే పాత గోడ ఇవాళ ఎవరి పెరళ్ల మీదుగా పోతుందో కనబడుతుంది.

గోడ బయట

చాలామంది పటాన్ని గోడ దగ్గరే ఆపేస్తారు. నా మటుకు నేను ఎక్కువసేపు గోడ బయటే ఉంటాను.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోట నగరం ఎలా ఉండాలో చెప్పే అధ్యాయం ఉంది. తూర్పుపడమరలుగా మూడు, ఉత్తరదక్షిణాలుగా మూడు రాజమార్గాలు, పన్నెండు గుమ్మాలు. నడుమ దేవతల గుళ్లు, దానికి ఉత్తరాన రాజభవనం. ఉత్తరాన బ్రాహ్మణులు, తూర్పున క్షత్రియులు, దక్షిణాన వైశ్యులు, పడమట శూద్రులు. పాషండులు (వేదాన్ని ఒప్పుకోని మతాలవారు), చండాలురు శ్మశానం అంచున. ఈ నమూనాను పాళ్లతో సహా ఎవరైనా కట్టారా అన్నదాని కంటే, ఊరు గీయడమంటే మనుషులను దిక్కులుగా పంచడమే అన్న ఆలోచన అంత పాతదని తెలుసుకోవడం ముఖ్యం. మన గ్రామ పటంలో గ్రామకంఠం (ఊరి ఇళ్లున్న నేల) ఒకచోట, పొలాల అవతల విడిగా మాలపల్లి, మాదిగపల్లి ఇంకోచోట ఉన్నప్పుడు ఆ మధ్య దూరాన్ని కొలవండి. అంగుళానికి 330 అడుగులు. ఊరి బావి నుంచి, చెరువు నుంచి, గుడి నుంచి, బడి నుంచి విడివిడిగా కొలిచి రాసుకోండి. రెండింటి మధ్య పుంత (బండి దారి) నేరుగా ఉందా, లేక గట్ల మీద మలుపులు తిరుగుతుందా చూడండి. పటంలో బావులను చిన్న సున్నాలుగా చూపిస్తారు, ఊరిలో ఎన్ని, పల్లెలో ఎన్ని అన్నది కూడా లెక్కపెట్టండి. అక్కడ ఏ గోడా గీసి ఉండదు. కొలిచాక గోడ ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

ఫిరంగుల కాలంలో గోడ బయటి నేలకు మరో అర్థం వచ్చింది. మద్రాసు పటాలను వరుసగా పెట్టి చూడండి. పద్దెనిమిదో శతాబ్దపు మొదటి పటాల్లో జార్జికోటలో తెల్లవారి పట్నం, దాన్ని ఆనుకుని ఉత్తరాన మన తెలుగువాళ్లూ తమిళులూ ఉన్న నల్లవారి పట్నం, దాని అవతల ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట ఉంటాయి. 1746లో కోట ఫ్రెంచివారి చేతికి పోయి 1749లో ఇంగ్లీషువారికి తిరిగి వచ్చింది. తర్వాతి పటాల్లో నల్లవారి పట్నం ఉన్న చోట తెల్లకాగితం. కోటమీది ఫిరంగికి అడ్డు లేకుండా ఇళ్లన్నీ తీసేసి ఆ నేలను మైదానంగా ఉంచారు. ఇక్కడిదాకా ఇళ్లు కట్టకూడదని 1773లో హద్దు స్తంభాలు కూడా పాతారు. వాటిలో ఒకటి ప్యారీస్ కార్నర్ దగ్గర ఇప్పటికీ ఉంది. మైదానం మీద తర్వాత హైకోర్టు లేచింది. ఒక పటానికీ మరో పటానికీ మధ్య ఇళ్లు మాయమైతే ఎవరి ఇళ్లు మాయమయ్యాయో తప్పకుండా అడగండి.

ఖాళీ, కోరిక

ఖాళీని రెండు రకాలుగా చదవాలి. పింగ్‌జియాంగ్ రాతిమీద మామూలు ఇళ్లు లేవు. ఊరంతా జనమే అయినా పటం అధికారులకు, గుళ్లకు, వంతెనలకు సంబంధించినది. ఇది గీసినవాడు వదిలేసిన ఖాళీ. 1748లో నోలీ అనే పటకర్త అచ్చువేసిన రోమ్ పటంలో గోడ లోపలే ఊరికి మించిన తోటలు, ద్రాక్షపాదులు ఉన్నాయి. అది నిజంగానే ఖాళీ. సామ్రాజ్యం నాటి జనం పోయినా గోడను తగ్గించుకోని ఊరు అది. అదే పటంలో మరో విశేషం, చర్చిల లోపలి భాగాన్ని వీధిలాగే తెల్లగా వదిలి, మామూలు ఇళ్లను నల్లగా నింపాడు. ఎవరైనా అడుగుపెట్టదగిన చోటు ఏదన్నది ఆ తెలుపు చెబుతుంది. మీ ఊరి పటం తీసుకుని ఇదే చేసి చూడండి. అందరూ నిరాటంకంగా వెళ్లగలిగే చోట్లు మాత్రమే తెల్లగా వదలండి. ఆ ఊరిలో వేర్వేరు వాడలకు చెందిన ఇద్దరి చేత విడివిడిగా చేయిస్తే ఇంకా మంచిది. రెండు కాగితాలూ ఒకేలా రావు.

పటం కొన్నిసార్లు కోరిక మాత్రమే. ఇటలీలో వెనిస్ పాలకులు 1593లో తొమ్మిది మొనల నక్షత్రంలా పాల్మనోవా అనే కోట ఊరిని కట్టించారు. కాగితం మీద అంత అందమైన ఊరు అరుదు. కానీ అక్కడ ఉండడానికి జనం రాలేదు. చివరికి ఖైదీలకు క్షమాభిక్ష పెట్టి, స్థలాలు ఇచ్చి నింపాల్సి వచ్చింది. అందుకే పటం చూశాక నేల మీద నడవాలి. పూడ్చిన కందకం చాలాచోట్ల ఊరిని చుట్టే వెడల్పు రోడ్డుగానో, పెద్ద మురుగు కాలువగానో మిగులుతుంది. మధురలో పందొమ్మిదో శతాబ్దంలో కోట గోడ కూల్చి కందకం పూడ్చిన చోటే నేటి వెలి వీధులు ఉన్నాయి. ఏలూరులో కోటదిబ్బ ఉంది. కారణం కనబడకుండా వీధి ఎత్తు పెరిగితే, తిన్నగా పోయే సందు ఒక్కసారి వంపు తిరిగితే అక్కడ ఆగి పటం తెరవండి.

డెల్టాలో గోడ వెతకడం

మా నేలలో రాయి లేదు. ఉన్నదంతా నది తెచ్చిన ఒండ్రు. అందుకే ఇక్కడ కోటంటే మట్టికోట. కందకం తవ్విన మన్నే గోడ అవుతుంది. మట్టిగోడ వానలకు కరుగుతుంది, రైతు దున్నుకుంటాడు, ఇటుకలవాళ్లు తీసుకుపోతారు. కాబట్టి డెల్టాలో పాత కోట కోసం వెతికి నిరాశపడేవారికి నా సలహా ఒకటే. ఇంతసేపూ చెప్పిన పద్ధతిని ఏటిగట్టు మీద ప్రయోగించండి.

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు, లాకులు, వరద గట్లు కలిసి డెల్టాకు కొత్త గీతలు గీశాయి. నీటిపారుదల శాఖ పటం పరచి గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల గట్ల వెంట వేలు పెట్టి చుట్టి రండి. ఇదే మన ప్రాకారం. తూములు, లాకులు, రేవులు దీని గుమ్మాలు. గట్టు లోపల ఎరుపు, నీలం, పసుపు రంగులు ఎక్కడెక్కడ పడతాయో చూడండి. గట్టుకు ఏటి వైపున, పాయల మధ్య లంక గ్రామాలు ఉంటాయి. పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, బూరుగులంక లాంటి ఊళ్లలో వరద రాగానే పాయ దాటే తాత్కాలిక దారి కొట్టుకుపోయి పడవలే దిక్కవుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. ఆ తర్వాత గట్లను ఎత్తు చేశారు. గట్టు ఎంత ఎత్తు పెరిగితే ఏటి వైపున ఉన్నవారికి నీరు అంత ఎక్కువ నిలుస్తుంది. వరి పొలాన్ని కాపాడాలన్న గట్టి పట్టుదల ఆ గీతలో ఉంది. ఆ గీత అవతల అరటి, కూరగాయలు పండించే కుటుంబాల లెక్క ఏ రంగులో వేయాలో మీరే తేల్చుకోవాలి.

లంకల పటం గీసేటప్పుడు కాగితం మూల తేదీ తప్పనిసరిగా వేయండి. ఏరు ఒకవైపు కోసి మరోవైపు మేట వేస్తుంది కాబట్టి పాత పటంలోని సర్వే నంబర్లు కొన్ని ఇప్పుడు నీళ్లలో ఉంటాయి. అలాంటి నంబరు తగిలితే దాని చుట్టూ నీలం పెన్సిలుతో గీత గీసి వదిలేయకండి. రేవు దగ్గర పెద్దవాళ్లను అడగండి. ఆ చేను ఎవరు సాగు చేసేవారో, ఏ వరదకు కోతకు పోయిందో, ఆ ఇంటివాళ్లు గట్టు ఇవతలికి వచ్చారా, ఇంకో లంకకు మారారా తెలుసుకుని, పటం అంచున సిరాతో రాయండి. పేర్లు బయటపెట్టడం వాళ్లకు ఇష్టం లేకపోతే నంబరూ సంవత్సరమూ చాలు.